గేటు స్తంభం మీద రంగులు

చిరంజీవి పెద్దోడికి,

అమ్మ బోలెడన్ని దీవెనలతో రాసేది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. నువ్వూ అక్కడ వేళకి తిని, కంటినిండా నిద్రపోతున్నావని అనుకుంటున్నాను. అనుకోవడమే మరి, నీ ఉత్తరం చదివితే అలా లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ నాన్న నడుం నొప్పి నయమే. కుట్టుమిషను ముందు ఆ విరిగిన స్టూలు తీసేసి కుర్చీ వేశాం. మీ చెల్లి నీ సైకిలు ముట్టుకోవట్లేదని నీకు రాయమంది, రాశాను. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. లారీలో నా కాళ్ళు క్లచ్చికి అందుతాయా అని అడిగావు. ఇన్నేళ్ళు స్కూలు వ్యాను నడిపినదాన్ని, సీటు ముందుకి జరుపుకోవడం తెలీదట్రా నాకు? హెవీ లైసెన్సు చేతికొచ్చిన రోజు మీ నాన్న దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసి, ఫొటోలో ఎవరినో కొట్టడానికి బయల్దేరినట్టున్నావే అన్నారు. అని, పక్కింటివాళ్ళకీ ఎదురింటివాళ్ళకీ చూపించి వచ్చారు.

ఇక ఉద్యోగం సంగతి. పెద్ద కంపెనీవాళ్ళు రమ్మంటున్నారనీ, ట్రైలరు లారీ ఇస్తారనీ, వారానికోసారి నువ్వు చదివే ఊరి మీదుగా వెళ్ళే లైననీ పోయినసారి రాశాను. నువ్వు ఉన్నపళాన జవాబు రాశావు. హాస్టల్లో ముద్ద దిగట్లేదనీ, గదిలో ఎవరితోనూ కలవలేకపోతున్నావనీ, వారం వారం అమ్మ కనిపిస్తే చదువు నెట్టుకొస్తాననీ, లేకపోతే పెట్టె సర్దుకుని వచ్చేస్తాననీ. బైపాసు దగ్గర ఏ రోజు నిలబడాలో రాయమన్నావు. అది చదివి బాగా ఏడ్చాను. ఇంకేం ఆలోచించకుండా ఒప్పేసుకుందామనే అనుకున్నాను.

మర్నాడు ట్రయలుకి వాళ్ళ యార్డుకి వెళ్ళాను. ట్రైలరుని వెనక్కి నడపడం ఎలా ఉంటుందో నీకు చెప్పాలి. వెనక పెట్టె కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. ఇన్నేళ్ళ అలవాటు ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకొకటి చెయ్యాలి. అందుకని మాకు నేర్పిన మాస్టారు ఒకే మాట నూరిపోశారు. అనుమానం వస్తే బండి ఆపు, దిగు, వెనక్కి నడిచి కళ్ళతో చూసుకుని మళ్ళీ ఎక్కు అని. అద్దంలో అన్నీ కనపడవు.

నాకు అనుమానం వచ్చింది. దిగలేదు. గేటు దగ్గర డ్రైవర్లు చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు. ఆడమనిషి ఊరికే దిగి ఎక్కుతోందని నవ్వుకుంటారేమోనని పౌరుషానికి పోయాను. ట్రైలరు మూల వెళ్ళి గేటు స్తంభానికి కొట్టుకుంది. ఈ ముక్క మీ నాన్నకి కూడా నిన్ననే చెప్పాను.

ఉద్యోగం పోయిందనుకుని తలొంచుకుని దిగాను. మేనేజరు నవ్వుతూ వచ్చాడు.

"ఏం పర్లేదమ్మా, ఆ స్తంభం ఉన్నదే తగలడానికి. సోమవారం వచ్చి తాళాలు తీసుకోండి."

గండం గడిచిందనుకున్నాను. ఎంత దెబ్బ తగిలిందో చూద్దామని స్తంభం దగ్గరికి వెళ్ళాను. ఒళ్ళంతా సొట్టలు. ఎరుపు, నీలం, పసుపు, ఎన్ని లారీల రంగులో. నాది ఆకుపచ్చ, అన్నిటికంటే తాజాగా ఉంది. పక్కన కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న డ్రైవరుని అడిగితే, కొత్తగా చేరినవాళ్ళందరూ దానికి తగిలించి వచ్చినవాళ్ళేనన్నాడు. మరి ఇక్కడ ఎవరూ నేర్పరా అన్నాను. "రోడ్డే నేర్పుతుందమ్మా. నేర్చుకున్నవాళ్ళు ఉంటారు" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళ సంగతి చెప్పలేదు.

మళ్ళీ మేనేజరు దగ్గరికి వెళ్ళి, కొన్నాళ్ళు పాత డ్రైవరు పక్కన కూర్చోబెట్టండి, జీతం తగ్గించినా సరేనన్నాను. లైసెన్సు ఉందిగా, ఇంకా ఏం నేర్చుకుంటారు, లోడు ఆగదు కదా అన్నాడు. మంచిగానే అన్నాడు. నాకు ఆ మంచితనం చూస్తేనే భయం వేసింది.

ఆ తర్వాత ఇంకో చోట కూడా పని అడిగాను, అది మన ఊళ్ళోనే. మిల్లు నుంచి దుకాణాలకి పిండి బస్తాలు చేరవేసే చిన్న కంపెనీ, నాలుగు లారీలు కూడా లేవు. అక్కడ బళ్ళు చూసుకునే పెద్దాయన నా చేత రివర్సు చేయించాడు. మూడుసార్లు దిగాను. ఇంకోసారి దిగి చూడు అన్నాడు. దిగితే నిజంగానే లారీ మూల గోడకి జానెడు దూరంలో ఉంది. చేరవచ్చు గానీ, ముందు పాత డ్రైవరు పక్కన కూర్చోవాలి, అప్పటిదాకా సగం జీతమే అన్నాడు. ఎంతకాలమని అడిగాను.

"నువ్వు ఒక్కదానివే వెళ్ళిన రోజు నాకు నిద్ర పట్టాలి. అది ఎప్పుడైతే అప్పుడు."

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచినది చెబుతున్నాను. పెద్ద కంపెనీకి రానని చెప్పేశాను. ఈ ఉత్తరం మొదలుపెట్టకముందే వెళ్ళి చెప్పి వచ్చాను. నీ జవాబు కోసం ఆగితే నా మనసు మారుతుందని నాకు తెలుసు. చేరింది పిండి బస్తాల లారీలో. అది మీ ఊరు రాదు.

కోపం వస్తుంది, రానీ. కానీ ఆ స్తంభం ముందు నిలబడి నేనేం అనుకున్నానో విను. బైపాసు పక్కన నాకోసం నిలబడతానన్నావు. నిన్ను చూడగానే మనసు ఆగదు, గబగబా బండిని నీ పక్కకి తీస్తాను. చెయ్యి ఎటు తిరగాలో ఇంకా ఆలోచించుకుంటూ తీస్తాను. అక్కడ స్తంభం ఉండదు నాన్నా, నువ్వు ఉంటావు. నువ్వు కాకపోతే ఇంకెవరి బిడ్డో ఉంటాడు.

సెలవు దొరకగానే బస్సెక్కి వస్తాను. అది వారం వారం కుదరదు, ఉత్తుత్తి మాటలు చెప్పను. పెట్టె మాత్రం సర్దకు. రోజుకి ఒక్క మనిషితో ఒక్క మాట మాట్లాడు, ఉప్పు అందుకోమని అడిగినా సరే. భయం పోయాక క్లాసుకి వెళ్దామని కూర్చోకు. నాకూ పోలేదు. రేపు ఉదయం ఆ భయంతోనే లారీ ఎక్కుతాను. నువ్వూ వెళ్ళు.

ఇట్లు,
ప్రస్తుతానికి పక్క సీటులో కూర్చునే
మీ అమ్మ