నీలం కోటు ముసలాయన

క్రంప్టన్ అండ్ డైక్ వేలంశాల,
హాన్లీ.
మంగళవారం.

శ్రీమతి మేవిస్ టన్నిక్లిఫ్ గారికి,

నమస్కారాలు.

ఈ ఉత్తరానికీ, ఇందులోని ప్రతి వాక్యానికీ, ఇకముందు నా నుంచి మీకు రాబోయే ప్రతి ఉత్తరానికీ ముందుగానే క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఇవి మామూలు క్షమాపణలు కావు. మా వేలంశాల పుట్టినప్పటి నుంచి ఎవరూ ఎవరికీ ఇంత పెద్ద క్షమాపణ చెప్పి ఉండరని నా గట్టి నమ్మకం. సిగ్గుతో టైపు మిషను కూడా సరిగ్గా కొట్టుకోవడం లేదు.

నిన్న మీరు ఫోనులో అరిచిన విషయం నాకు పూర్తిగా అర్థమైంది. పక్క గదిలో గడియారాలకు వెల కడుతున్న ఆయనకు కూడా అర్థమైంది. అయినా కాగితం మీద ఉంటే మంచిదని రాస్తున్నాను.

మీ అమ్మగారి పొయ్యి గట్టు మీద రెండు పాత టోబీ జగ్గులుండేవి. మూడు మూలల టోపీ పెట్టుకుని, ఒళ్ళో బీరు ముంతతో కూర్చున్న ముసలాయన ఆకారం. రెండూ ఒకే అచ్చులోంచి వచ్చిన కవలలు. ఆవిడ పోయాక ఒకటి మీకూ, ఒకటి లీక్ ఊళ్ళో ఉండే మీ చెల్లెలు విన్నీ గారికీ వచ్చాయి. పదేళ్ళ పైగా మీ ఇద్దరికీ మాటల్లేవు. మీ తదనంతరం మీ జగ్గు విన్నీ గారికి దక్కకుండా మీరు ప్రార్థనకెళ్ళే చాపెల్‌కు రాసిచ్చేయాలన్న సదుద్దేశంతో, వెల కట్టమని క్రితం వారం మాకిచ్చారు. నేను వెల కట్టి పంపాను. పెట్టె విప్పితే, గోధుమరంగు కోటు వేసుకున్న మీ ముసలాయన బదులు నీలం కోటు ముసలాయన కూర్చుని మీ వైపు పళ్ళికిలిస్తున్నాడు. కనుక ఇది విన్నీ గారి జగ్గనీ, ఆవిడ కూడా మా దగ్గరికే తెచ్చి ఉంటారనీ, నేను పెట్టెలు తారుమారు చేశాననీ మీ ఆరోపణ.

తల వంచుతున్నాను. ఇంకా కిందికి వంచమంటే బల్ల అడ్డొస్తోంది.

ఒకరి వస్తువు సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది మా వృత్తి మర్యాద. కాబట్టి విన్నీ గారు మా గడప తొక్కారో లేదో చెప్పలేను. ఇలాంటి తగాదాల్లో ఇద్దరు యజమానులూ ఎదురెదురుగా కూర్చుని, రెండు వస్తువులూ పక్కపక్కన పెట్టుకుని తేల్చుకోవడమే మార్గమని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
జూడ్ మౌంట్‌ఫర్డ్,
సహాయ వెలదారు (పింగాణీ, మట్టిపాత్రలు).

తా.క. నీలం కోటాయన్ని దయచేసి వంటింట్లో వాడకండి. నిన్న ఒకావిడ పేరున్న కుమ్మరి కళాకారుడు స్వహస్తాలతో చేసిన గిన్నె తెచ్చారు. వెంట వాళ్ళ కుక్క కూడా వచ్చింది, ఎందుకంటే అది ఆ గిన్నెలో ఇంకా భోజనం చేస్తోంది. అడుగున ముద్ర చూడాలంటే దాని అనుమతి కావాలి. ఇవ్వలేదు.

*

టన్‌స్టాల్.
గురువారం.

మౌంట్‌ఫర్డ్ గారికి,

మీ క్షమాపణ అందింది. చదివేసరికి రెండు కప్పుల టీ అయిపోయింది. మొదట మీ మీద కేసు వేద్దామనుకున్నాను. ఇప్పుడు లేదు.

విన్నీ జగ్గును మొదటి రోజు గట్టు మీద పెట్టి, మొహం గోడవైపు తిప్పేశాను. ఆ చూపు గమనించారా మీరు? అచ్చం విన్నీదే. నా ముసలాయనది దయగల మొహం. వీడిది “ఏంటక్కా, పంది మాంసం ముక్కలు మరీ ఇంత పలచగా కోయించావు?” అన్న మొహం. ఆ ముక్కే అమ్మ అంత్యక్రియల విందులో బంధువులందరి ముందూ అంది అది. ఆరోజుతో సరి, నా గుమ్మం అది తొక్కలేదు, దాని గుమ్మం నేను తొక్కలేదు. అమ్మ దగ్గర ఒకటి నీలం, ఒకటి గోధుమరంగు ఉండేవని ఇప్పుడు నాకు స్పష్టంగా గుర్తొస్తోంది. నీలంది అదే లాక్కుని ఉంటుంది.

కానీ నిన్న మనసాగక వాణ్ణి ఇటు తిప్పాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. కోటు మడతల్లో మరక లేదు. బొత్తాల సందుల్లో దుమ్ము లేదు. ఇన్నేళ్ళూ అమ్మ జగ్గును అది పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు చూసుకుంది. నేనేమో నా జగ్గును మా ఆయన సిరిల్ పైపు పొగకు వదిలేశాను. సిరిల్ పోయాడు, పొగ మాత్రం ఉంది. చాలా సిగ్గేసింది.

అంత ప్రేమగా చూసుకున్నదాన్ని వెల కట్టించడానికి ఎందుకు తెచ్చింది చెప్పండి? బొగ్గులకు డబ్బుల్లేవా? జబ్బు చేసిందా? రాత్రంతా ఇదే. మీరు పొరపాటు చేయబట్టి కదా ఈ మాత్రమైనా తెలిసింది. అందుకు మీకు కృతజ్ఞురాలిని. ఓట్స్ పిండి అట్లు ఒక కట్ట పంపుతున్నాను. లోపల చీజ్ పెట్టుకుని వేడి చేసుకోండి. చల్లారినవి తింటే నాకు తెలిసిపోతుంది.

ఇట్లు,
మేవిస్ టన్నిక్లిఫ్.

తా.క. విన్నీ జగ్గు వెల నా జగ్గు కంటే ఎక్కువా? ఎక్కువైతే చెప్పకండి. తక్కువైతే వెంటనే తంతి ఇవ్వండి.

*

హాన్లీ.
శనివారం.

శ్రీమతి టన్నిక్లిఫ్ గారికి,

నమస్కారాలు. అట్లు అందాయి. వేడిగానే తిన్నాను. వాటికి నేను చెప్పాల్సిన కృతజ్ఞతలు చాలా ఉన్నాయి, మీరు నాకు చెప్పాల్సినవి మాత్రం ఏమీ లేవు. దయచేసి వెనక్కి తీసుకోండి. కృతజ్ఞతల్ని. అట్లను కాదు.

విన్నీ గారి ఆరోగ్యం గురించీ, బొగ్గుల గురించీ మాకు తెలియదు. ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు, నిజంగానే తెలియదు. జగ్గుల వెల సమానం. ఒక్కటి అమ్మితే సముద్రం ఒడ్డున వారం రోజుల సెలవు వస్తుంది. రెండూ కలిసి జతగా ఉంటే బసతో పాటు గాడిద సవారీలూ, ఐస్‌క్రీములూ, ఇంటికొచ్చాక కొత్త తివాచీ కూడా.

లీక్ వెళ్ళే బస్సు మీ వీధి చివర ఆగుతుంది. ఇది వెలదారు సలహా కాదు. బస్సు గురించిన సమాచారం మాత్రమే.

ఇట్లు,
విధేయుడు,
జూడ్ మౌంట్‌ఫర్డ్.

తా.క. సగానికి పైగా అట్లు మా యజమాని డైక్ గారు తిన్నారు. “ఈవిడకి మనమీద ఎందుకయ్యా ఇంత ప్రేమ?” అని అడిగారు. “మన నిజాయితీ చూసి” అన్నాను. ఆయన చాలా కంగారుపడ్డారు.

*

టన్‌స్టాల్.
బుధవారం.

నాయనా జూడ్,

ఆశీస్సులు. ఇకమీదట గారూ గీరూ లేదు. వెళ్ళాను.

తలుపు తీసింది. నన్నూ, నా చేతిలో సంచీనీ చూసింది.

“నువ్వా?”

“జగ్గు కోసం వచ్చాను.”

“అనుకున్నాలే. నా కోసం ఎందుకొస్తావు?” అంది. తలుపు మాత్రం వేయలేదు.

లోపలికెళ్తే దాని గట్టు మీద నా ముసలాయన! అదే గోధుమరంగు కోటు, అదే దయగల మొహం. “వాడు నావాడే!” అన్నాను.

“నీకేమైనా పిచ్చా? అమ్మ పోయిన వారం నుంచీ వాడు అక్కణ్ణుంచి కదల్లేదు.”

“మరి హాన్లీ వేలంశాలకు ఎవరు మోసుకెళ్ళారో?”

“ఏ వేలంశాల?”

నేను రెట్టించలేదు నాయనా. తల్లి వస్తువు అమ్మబోయానని ఏ ఆడది ఒప్పుకుంటుంది? సంచీలోంచి నీలం కోటాయన్ని తీసి దాని ఒళ్ళో పెట్టాను. చూసింది. చూసి ఏడ్చింది.

“అమ్మ ఉన్నప్పుడు ఇలాగే మెరుస్తుండేవాడు. ఎంత బాగా చూసుకున్నావక్కా!”

“నేను కాదే, నువ్వు!”

“నేనా? నా ఇల్లు చూసి మాట్లాడు!”

నిజమే. దాని గడియారం మీద దుమ్ములో పేరు రాయొచ్చు. నేను రాశాను కూడా. ఇల్లంతా అలా గాలికొదిలేసి, ఒక్క అమ్మ జగ్గును మాత్రం అద్దంలా ఉంచిందంటే దాని గుండెలో ఎంత ప్రేమ ఉండాలో నువ్వే చెప్పు! “నీదే” అంటే “కాదు నీదే” అని చాలాసేపు పోట్లాడుకున్నాం. ఇన్నేళ్ళలో అంత తృప్తిగా ఎవరితోనూ పోట్లాడలేదు.

తర్వాత టీ ఇచ్చింది. కప్పు కొత్తది. చేతికి రాగానే అడుగున ఎవరి ముద్ర ఉందో చూద్దామని తిప్పేశాను. పింగాణీ చేసే మనూరి చెయ్యి కదా, ఆగదు. లోపల టీ ఉన్న సంగతి స్కర్టు తడిశాక తెలిసింది. విన్నీ గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, తుడవడం మానేసి, “ఎవరిది? చెప్పక్కా!” అంటుంది.

“విదేశీ సరుకు.”

“అయ్యో! చవగ్గా వస్తే కొన్నానక్కా. ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది.”

ఇద్దరమూ గోడ పట్టుకుని నవ్వాం. తినడానికి పంది మాంసం పెట్టింది, ఇటుక మందాన కోసి. నేను ఒక్క మాట అనలేదు. రెండోసారి వేయించుకున్నాను.

నీలం కోటాయన్ని దాని గట్టు మీద పెట్టి, నావాణ్ణి సంచీలో వేసుకుని వచ్చేశాను. ఇదంతా నీ ఎత్తేనని ఇద్దరమూ తేల్చుకున్నాం. మొన్నామధ్య ఎర్ర మఫ్లరుతో దాని గుమ్మం ముందు తచ్చాడింది కూడా నువ్వేనట. ఎంత శ్రమపడ్డావు నాయనా!

ఇట్లు,
మేవిస్.

తా.క. విన్నీ ఆరోగ్యంగా ఉంది. బొగ్గులు నాకంటే ఎక్కువే ఉన్నాయి. జగ్గు ఎందుకు అమ్మబోయిందో మాత్రం చివరిదాకా చెప్పలేదు. మొండిఘటం.

*

హాన్లీ.
శుక్రవారం.

శ్రీమతి టన్నిక్లిఫ్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టాను, కూర్చుని ముగించాను. జగ్గులు మార్చుకున్నారా? నిజంగానా? ఇది ఇవ్వండి, అది తీసుకోండి అని చేతులతోనే మార్చేసుకున్నారా?

మీరు సంతోషంగా ఉన్నారు. అందుకు నాకూ సంతోషమే. కానీ అందులో నా గొప్పతనం ఏమీ లేదని ప్రమాణం చేసి చెబుతున్నాను. నేను లీక్ రాలేదు. నాకు ఎర్ర మఫ్లరు లేదు. ఆయన బహుశా గ్యాసు మీటరు చూసే మనిషి. మీ దగ్గర మిగిలిన కృతజ్ఞతలు ఆయనకివ్వండి, పాపం ఆయనకెవరూ చెప్పరు. నా సంగతి మాత్రం ఇంకెవరి దగ్గరా ఎత్తవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
జూడ్.

తా.క. మీరు అప్పటికే ఎత్తేశారని తెలిసింది. నిన్న మీ చాపెల్ ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తెచ్చి, “దీన్ని మా ఆడపడుచు దాంతో తారుమారు చేసి పెట్టు బాబూ” అని చెవిలో చెప్పారు.

*

టన్‌స్టాల్.
బుధవారం.

మా బంగారు తండ్రి జూడ్‌కి,

వేయి ఆశీస్సులు. ఎంత కాదంటే అంత పెద్దవాడివవుతున్నావు. ఇంత అణకువ ఈ కాలం పిల్లల్లో ఎక్కడుంది? మొన్న ఆదివారం కోతల పండుగ ప్రార్థనలో పాస్టరు గారు నీ పేరు చదివారు. బీరకాయంత దోసకాయలకూ, సకాలంలో పడిన వర్షానికీ మధ్యలో వచ్చింది.

విన్నీ ఇక ప్రతి వారం ఇక్కడికొచ్చి ఒక రాత్రి ఉండిపోతుంది. చాపెల్‌కు రాసిద్దామనుకున్న కాగితం చించేశాను. ఎవరు ముందు పోతే రెండో వాళ్ళకు రెండు జగ్గులూ. శనివారం ఇద్దరమూ మీ ఆఫీసుకు వస్తున్నాం. రెండిటినీ పక్కపక్కన పెట్టి జతగా వెల కట్టు. అమ్మడానికి కాదు. ఎంత వస్తుందో తెలుసుకుని, అంత వదులుకున్నామని గర్వపడడానికి. మీ డైక్ గారి ముందే నీకు జీతం పెంచమని కూడా అడుగుతాం.

నా గోధుమరంగు వాడు నీలం వాడి పక్కన మరీ వెలవెలబోతాడని విన్నీ బెంగ. శుక్రవారం సాయంత్రం వచ్చి బకెట్టు మరుగుతున్న నీళ్ళలో చాకిరేవు సోడా వేసి వాణ్ణి నానబెడుతుందట. ఇల్లు తుడవడం చేతకానిది, దీనికి మాత్రం తయారు!

ఇట్లు,
నీ మేవిస్ అమ్మమ్మ.

తా.క. మీటరు మనిషికి కూడా కృతజ్ఞతలు చెప్పాం. ఆయన మళ్ళీ ఆ వీధిలోకి రావడం లేదట.

*

టన్‌స్టాల్,
మీ గుమ్మం ముందు.
శుక్రవారం మధ్యాహ్నం.

మేవిస్ అమ్మమ్మకు,

నమస్కారాలు. తపాలాను నమ్మక ఈ ఉత్తరం నేనే తెచ్చి తలుపు సందులోంచి వేస్తున్నాను. ముందు ఆ బకెట్టు దించమనండి. మరిగే నీళ్ళూ, సోడా తగిలితే రెండొందల ఏళ్ళ ముసలాయన కోటు, మొహంతో సహా ఊడి నీళ్ళలో తేలుతుంది.

దించారా? ఇప్పుడు కూర్చోండి. విన్నీ గారిని కూడా కూర్చోమనండి.

విన్నీ గారు మా వేలంశాలకు ఎప్పుడూ రాలేదు. ఆవిడ జగ్గు ఆవిడ గట్టు దిగలేదు. ఆవిడ మొదటి నుంచీ నిజమే చెబుతున్నారు, మీరే ప్రేమ కొద్దీ వినలేదు. నేను మీకు తిరిగి పంపిన నీలం కోటాయన మీవాడే. మీరు ఇన్నాళ్ళూ విన్నీ గారి చూపు చూసిందీ, విన్నీ గారి ప్రేమ చూసిందీ మీ సొంత జగ్గులోనే. తారుమారు చేసింది నేను కాదు. మీరిద్దరూ, లీక్‌లో, సొంత చేతులతో చేసుకున్నారు. ఇప్పుడు మీ దగ్గరున్నదే అసలు విన్నీ గారిది.

మొదటి రోజే ఎందుకు చెప్పలేదంటారా? చెబుదామనే ఫోను పట్టుకుని మీ తిట్లు అయ్యేదాకా ఆగాను. అవి అయ్యాక మీరు గొంతు తగ్గించి, “అది వచ్చిందన్నమాట. ఎలా ఉంది? చిక్కిందా?” అని అడిగారు. ఆ తర్వాత నిజం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. కూర్చుని అంత పెద్ద క్షమాపణ రాశాను. చేయని తప్పుకు చెప్పే క్షమాపణ కాబట్టి ఎంత పెద్దదైనా రాయొచ్చు. అసలు చేసిన పనికి క్షమాపణ చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. యజమానిని అడక్కుండా వస్తువు జోలికెళ్ళిన వాడికి డైక్ గారి దగ్గర మర్నాడు ఉద్యోగం ఉండదు. రేపు మీరొచ్చి ఆయనకు ఏం చెబుతారో మీ ఇష్టం. ఉద్యోగం ఉన్నా పోయినా, మీ ఇద్దరినీ ఒకే సోఫాలో చూసే భాగ్యం నాకు దక్కుతోంది. అందుకు కృతజ్ఞతలు చెప్పాల్సింది నేనే.

ఇట్లు,
మీ జూడ్.

తా.క. ఆ ప్రార్థనలోంచి నా పేరు తీసేయమనండి. మొత్తం వ్యవహారంలో నేను నిజంగా చేసింది ఒక్కటే. సిరిల్ గారి పొగ కింద మీ ముసలాయన కోటు మొదటి నుంచీ నీలమేనని అనుమానం వచ్చింది (విన్నీ గారి వాడిదీ దుమ్ము కింద నీలమే అయ్యుంటుంది). గోరువెచ్చని నీళ్ళూ, కాస్త దూదీ తెచ్చుకుని, మిమ్మల్ని అడక్కుండా, మీ జగ్గును కడిగాను.