ముందరుండేది ఎనకాల

జనవరి 20, 2025
తిరుత్తణిలో హాలు దొరికింది. మూతపడిన ట్యూషన్ సెంటర్, నలభై అడుగుల పొడవు. తిరువళ్ళూరులో మా ఇంటి నుంచి లోకల్ రైల్లో గంటకు కాస్త అటూ ఇటూ.

పీహెచ్‌డీలో నా ప్రశ్న చిన్నది. కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి పది అడుగుల దూరంలో స్తంభం చూపిస్తే ఏడడుగులే అనుకుంటాడు. పొలాల్లో దూరాలు చూస్తూ బతికినవాళ్ళకి కూడా అంతేనా? స్తంభం కనబడుతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, అది ఉన్నచోటికి నడిచి ఆగాలి. నేను పక్కనే నడుస్తాను. టేపుతో కొలుస్తాను.

ఫిబ్రవరి 6
లోతు తెలిసేలా రెండు కళ్ళకీ చూపించే బొమ్మల మధ్య ఎడం మార్చే కోడ్ రాశాను. నా గైడ్ రత్నస్వామి సార్ పాత వర్షన్ చూసి బాగుందన్నారు. కొత్తది నేనే టెస్ట్ చేసుకున్నాను. బాగానే ఉంది.

మార్చి 11
ఈరోజు కుప్పమ్మ అనే ఆవిడ వచ్చింది. అరవై ఒకటి. మల్లె తోటలో మొగ్గలు కోస్తుంది. హెడ్‌సెట్ పెట్టగానే కదలకుండా నిలబడిపోయింది.

"ముందరుండేది ఎనకాల పోతాండాదమ్మా. ఎనకాలుండేది ముందరికొస్తాండాది. నేను యాడికని నడిచేది?"

మళ్ళీ వివరించాను. మూడుసార్లు అడిగినా అదే మాట. కళ్ళు ఎప్పుడైనా చూపించుకున్నావా పెద్దమ్మా అన్నాను. లేదంది. చూపించుకుంటే మంచిదన్నాను. షీట్‌లో 'సూచనలు అర్థం కాలేదు' అని రాసి ఆమె డేటా తీసేశాను.

ఏప్రిల్ 24
నలభై ఒక్క మంది పూర్తి. తప్పులు చాలా పెద్దవి, ఒక పద్ధతి లేదు. తల నొస్తోందని తొమ్మిది మంది అన్నారు. సార్ గ్రాఫ్ చూసి, ఇట్లాంటిది ఎవరూ చూపించలేదు అన్నారు. కాన్ఫరెన్స్‌కి పేపర్ పంపేశాం. సంతోషంగా ఉంది. ఎందుకిలా వచ్చిందో మాత్రం తెలియదు.

జూన్ 30
పేపర్ యాక్సెప్ట్ అయింది. ఒక రివ్యూవర్ అడిగాడు: వచ్చినవాళ్ళకి స్టీరియో విజన్ పరీక్ష, అంటే రెండు కళ్ళూ కలిసి లోతు పట్టుకుంటున్నాయా అన్నది, చేశారా? చేయలేదు. సార్ చేసేయమన్నారు.

జూలై 9, మధ్యాహ్నం 2
పరీక్ష పుస్తకం వచ్చింది. దాంతోపాటు ఇచ్చిన అద్దాలు పెట్టుకుని చూస్తే చుక్కల్లోంచి ఒక ఆకారం పైకి లేస్తుందట. నాకు చుక్కలే ఉన్నాయి. లైటు మార్చాను. అద్దాలు తుడిచాను. చుక్కలే. డిఫెక్టివ్ పీస్ కాబోలు.

3 గంటలు
ల్యాబ్ వాచ్‌మన్ ఏళుమలై అన్నకి చూపించాను. పైన చతురస్రం, కింద నక్షత్రం అని వెంటనే చెప్పేశారు.

జూలై 12
కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. నా ఎడమ కన్ను చూస్తుంది, మెదడు దాన్ని పట్టించుకోదట. నీడలూ సైజులూ చూసి దూరం లెక్కేసుకుంటానట. చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదన్నారు. ఏం చదువుతున్నావని అడిగితే కంప్యూటర్ అన్నాను. పర్సెప్షన్, అంటే మనిషి చూపు మీదే, అని చెప్పడానికి నోరు రాలేదు.

అదే రోజు, సాయంత్రం
అమ్మని అడిగాను. ఉల్లిపాయలు తరుగుతూనే చెప్పింది. మూడేళ్ళప్పుడు నాకు కొంచెం మెల్ల ఉండేదట. బాగున్న కంటికి రోజూ పట్టీ వేయమన్నారట. నేను ఏడ్చి పీకేసేదాన్నట. నాన్న పాత్రల అంగడికి వచ్చినవాళ్ళంతా బిడ్డకేమైందని అడిగేవాళ్ళట. నెలకే ఆపేశారు. తర్వాత మెల్ల కనబడలేదు కాబట్టి నయమైందనుకున్నారు.

"నువ్వు ఏడస్తా ఉంటే నాకు ఓర్చుకోను కాలేదు వాసూ," అంది.

కోపం రావాలి. వచ్చింది కూడా. ఎవరి మీద అన్నది తెలియలేదు.

జూలై 13, ఉదయం 6
ఫిబ్రవరిలో రాసిన కొత్త వర్షన్‌ని చూసి బాగుందన్నది నేనొక్కదాన్నే.

ఉదయం 10
అమ్మకి హెడ్‌సెట్ పెట్టాను. చేతులు చాచి గాలిలో తడుముకుంది.

"స్తంభం గోడకి ఆపక్క ఉండేమాదిరి ఉండాది. కానీ గోడనే మూస్తాండాది. అదెట్లే?"

కోడ్ తెరిచాను. ఉండకూడని చోట ఒక మైనస్ గుర్తు. ఎడమ కంటికి చూపించాల్సిన బొమ్మ కుడి కంటికి, కుడి కంటిది ఎడమకి. రెండున్నర నెలల పాటు నలభై ఒక్క మందికి దగ్గరని దూరంగా, దూరాన్ని దగ్గరగా చూపించి, వాళ్ళ అడుగుల్లో తప్పులు కొలిచాను. ఉన్నది ఉన్నట్టు చెప్పిన కుప్పమ్మని తీసేశాను.

గుర్తు సరిచేసి అమ్మకి మళ్ళీ పెట్టాను. ఇప్పుడు బాగుందంది. నేను పెట్టుకుని చూశాను. నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయి.

జూలై 15
సార్‌కి చెప్పాను. ఇది ఇంకెవరికి తెలుసు అని అడిగారు. అది ప్రశ్నో, సలహానో అర్థం కాలేదు. మా అమ్మకి అన్నాను.

జూలై 18
పేపర్ మళ్ళీ చదివాను. చాలా బాగా రాశాను.

జూలై 21
పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్ రాసి సార్‌కి చూపించాను. ఒక్క మాట మార్చారు. 'విద్యార్థి పొరపాటు' అన్నచోట 'మా పొరపాటు'. పంపేయమన్నారు. ఆ రోజు ఆయన అడిగింది ఏ అర్థంలోనో ఇప్పటికీ తెలియదు.

ఆగస్టు 3
కుప్పమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని పూలు కడుతోంది. ఏప్రిల్ నుంచి తోటకి పోవడం లేదని కోడలు చెప్పింది.

నీ కళ్ళు బాగున్నాయి పెద్దమ్మా, నువ్వు చెప్పిందే నిజం, తప్పు నాది అన్నాను. ఆమె చేతులు ఆగలేదు.

"కండ్ల క్యాంపులో పొద్దంతా కూర్చున్నా. ఏమీ లేదనిరి. నాకు నమ్మకం రాలే. సదివిన బిడ్డ మూడు తూర్లు అడిగిందే, ఏమో ఉండాదనుకున్నా. అప్పుట్నించీ బావి మెట్లు దిగాలన్నా కాళ్ళు వణకతాయి."

క్షమించమన్నాను.

"నీకెట్లా తెలీకపోయినాది?"

నా కన్ను సంగతి చెప్పాను. నమ్మినట్టు లేదు. దారం కొస నా వైపు చాచి పట్టుకోమంది. నా వేళ్ళు దానికి ఇవతలే మూసుకున్నాయి. రెండోసారి దొరికింది.

"అయితే క్యాంపుకి పోవాల్సింది నువ్వు," అంది.

నవ్వుతోందో లేదో తెలియలేదు. కాఫీ ఇచ్చింది. తాగాను.

సెప్టెంబర్ 15
మళ్ళీ మొదటి నుంచి. ప్రతి వర్షన్‌నీ ఇంకో ఇద్దరు చూడాలని నియమం పెట్టుకున్నాను. షీట్‌లో కొత్త కాలమ్ కలిపాను: 'వాళ్ళ మాటల్లో'. కుప్పమ్మకి కబురు పెట్టాను. తోటకి పోతాండానని, ఆ డబ్బా మాత్రం మళ్ళీ మొహానికి పెట్టుకోనని చెప్పి పంపింది.

నవంబర్ 28
పదిహేడు మంది అయ్యారు. పది అడుగులని ఏడున్నర అంటున్నారు. లోకమంతా చెప్పేదే. పీహెచ్‌డీ కమిటీ ఆరు నెలలు గడువు పెంచింది. ఒకాయన అడిగారు, నీకు కనబడనిదాన్ని నువ్వెట్లా పరిశోధిస్తావని. తెలియదు సార్ అన్నాను. ఆయన దాన్ని రాసుకున్నారు.

డిసెంబర్ 4, లోకల్‌లో
కడంబత్తూరు దాటాక వాన. కిటికీ అద్దం దించాను. ఏ చినుకులు అద్దం మీదివో, ఏవి బయటివో తెలియలేదు. పట్టాభిరామ్ నుంచి వస్తున్న పక్కసీటావిడని అడిగాను. వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. ఇది అద్దం మీద. ఇది కాదు. ఇది కాదు.

నమ్మాను.