మీ సందేశం చేరింది

మొండిఘటానికి,

ఇలా పిలిచానని కోపం తెచ్చుకోకు. కోపం రావాల్సింది నాకు. రేవు దగ్గర బస్సు దిగి, పెట్టె భుజాన వేసుకుంటూ, "ఓడ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించమంటున్నారు, చూడాలి" అన్నావు. పాల ప్యాకెట్టు సంగతి చెప్పినట్టు చెప్పావు. నాకు ఒళ్ళు మండింది. "మొదటి మాట నువ్వే రాయి. అప్పటిదాకా నా దగ్గర్నుంచి ఒక్క ముక్క రాదు" అనేసి వెనక్కి తిరిగి వచ్చేశాను. రాస్తావన్న ధైర్యంతోనే అన్నాను సుమా. ఇంజను గదిలోంచి నూనె చేతులతో వచ్చి రెండు వాక్యాలైనా కొట్టకపోతాడా అనుకున్నాను.

మన కంపెనీ సైటు నా చేతిలోనే ఉందని నీకు తెలుసు. ఓడల మీద ఉన్నవాళ్ళూ ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళూ రాసుకునే ప్రతి మాటా అందులోంచే పోవాలి. నువ్వెళ్ళిన వారానికి అది రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి మెమరీ నిండిపోయి చతికిలబడడం మొదలుపెట్టింది. ఇంకాస్త మెమరీ కొని పడేద్దాం అన్నాడు మా మేనేజరు. ఎంత కొన్నా నిండుతుంది, నన్ను చూడనివ్వండి అన్నాను. జావాలో బీన్ అని ఒకటుంటుంది. సైటుకి వచ్చిన మనిషి చెప్పినవీ అడిగినవీ కాసేపు దాచిపెట్టే డబ్బా అనుకో. అది ఎంతసేపు బతకాలో చెప్పేది స్కోపు. రిక్వెస్ట్ స్కోపయితే ఒక్క పేజీ అడిగి జవాబు అందుకునేంత సేపే బతుకుతుంది. సెషన్ స్కోపయితే మనిషి లాగవుట్ అయ్యేదాకా ఉంటుంది. మన జనంలో లాగవుట్ అయ్యేవాళ్ళెవరు చెప్పు? విండో మూసేసి పోతారు, డబ్బా మాత్రం సర్వర్లో అలాగే కూర్చుంటుంది. నాకు ముందు పనిచేసిన మహానుభావుడు ఫోటోలతో సహా అన్నీ సెషన్లోనే పెట్టి వెళ్ళాడు. నేను కూర్చుని ఒక్కొక్కటీ రిక్వెస్ట్ స్కోపులోకి మార్చాను. ఆ తర్వాత సర్వర్ ఒక్కసారి కూడా పడలేదు. మేనేజరు సొంత డబ్బుతో కాఫీ ఇప్పించాడు, ఆఫీసంతా వింతగా చూసింది.

ఆ సంతోషం చెప్పుకోవడానికి నువ్వు లేవు. సరే, కనీసం బతికే ఉన్నావా అని లాగిన్ల పట్టిక తెరిచాను. రోజూ వస్తున్నావు! ఆ నత్తనడక నెట్టుతో కుస్తీపడి లోపలికొచ్చి, కాసేపుండి, నాకొక్క ముక్కయినా రాయకుండా వెళ్ళిపోతున్నావు. ఎవరి కోసం వస్తున్నావయ్యా? రాకపోతే ఓడలో తీరిక లేదనుకుని సర్దుకునేదాన్ని. వచ్చి కూడా పలకరించవు చూడు, అది తట్టుకోలేకపోతున్నాను.

నీ దిండు గలీబు మొన్న ఉతుకుదామని తీశాను. ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ తొడిగేశాను. కుర్చీ కాలు ఊగుతోంది, ఎవర్నీ పిలవలేదు. నువ్వొచ్చి నన్ను తిడుతూ బిగిస్తావని దాని మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటున్నాను. ఇలా ఎన్నాళ్ళు? ప్రధాన కార్యాలయంలో ఉద్యోగం ఇస్తామంటున్నారు, వేరే ఊరు. ఒప్పుకుంటున్నాను. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి, సామాను మా అన్నయ్య దగ్గర పడేసి, హాస్టల్లో చేరతాను. నువ్వు ఇంకో ఏడాదే పొడిగించుకుంటావో, పదేళ్ళే పొడిగించుకుంటావో నీ ఇష్టం. ఇంత చెప్పడానికి సైటెందుకని, ఓడలకు ఉత్తరాలు చేరవేసే రేవు ఏజెంటు సంచిలో వేస్తున్నాను.

నీ అని రాయాలో వద్దో తెలియని,
గడుగ్గాయి

*

నా మొండిఘటమా,

ఇది ముందు విప్పి ఉంటే, నేను అంతకుముందు రాసిన ఆ ఉత్తరాన్ని చదవకుండా చింపెయ్. దండం పెడతాను. దాన్ని వెనక్కి తీసుకుందామని ఏజెంటు దగ్గరికి పరిగెత్తాను. సీలు వేసిన సంచి విప్పనన్నాడు. బతిమాలాను, కసిరాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కూడా. విప్పలేదు. రెండు సంచులూ ఒకే విమానంలో నీ రేవుకి వస్తాయని మాత్రం చెప్పాడు.

ఏం జరిగిందంటే, నీ ఓడ వంటవాడి తల్లి ఆఫీసుకి వచ్చింది. కొడుకు దగ్గర్నుంచి నెలకు పైగా కబురు లేదట. హెల్ప్‌డెస్కు వాళ్ళు అందరికీ చెప్పే పాటే ఆవిడకీ పాడారు, ఓడలో నెట్టు బాగోలేదని. ఆవిడ కదల్లేదు. నా బల్ల దాకా వచ్చి నిలబడి అంది:

"మావాడు కూరలో ఉప్పెక్కువైనా నాకు చెప్పుకుంటాడమ్మా. వాడు రాయకుండా ఉండడు. రాసే ఉంటాడు. ఎక్కడ పోయిందో చూసి పెట్టు."

ఆవిడకి కొడుకు మీద ఉన్నపాటి నమ్మకం నాకు నీ మీద లేకపోయింది. సిగ్గేసింది. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఓడలవాళ్ళకు కనబడే పేజీ మొదటిసారి తెరిచాను. ఒడ్డున మాకు ఒకే పేజీ, రాసి పంపడమే. మార్చిన రోజు పరీక్షించింది దాన్నే. మీకు నెట్టు నెమ్మదని దాన్ని రెండు ముక్కలు చేశారు. ఒక పేజీలో రాస్తారు, రెండో పేజీలో సరిచూసుకుని ‘పంపు’ నొక్కుతారు. అంటే రెండు రిక్వెస్టులు. మొదటి దాంట్లో నీ మాటలున్న డబ్బా, పేజీ చూపించగానే నేను చెప్పినట్టే చచ్చిపోతుంది. నువ్వు ‘పంపు’ నొక్కేసరికి కొత్త డబ్బా పుడుతుంది, ఖాళీది. ఖాళీ సందేశాన్ని మా ప్రోగ్రాము చప్పుడు చేయకుండా వదిలేసి, నీకు మాత్రం ‘మీ సందేశం చేరింది’ అని చూపిస్తుంది. నువ్వు రోజూ వచ్చి రాస్తూనే ఉన్నావు. నేనే తుడిచేస్తున్నాను.

వెతికాను. దొరకవని తెలిసి కూడా వెతికాను. ఆ మాటలు నా పక్క గదిలో ఉన్న యంత్రం దాకా వచ్చాయి. ఎక్కడా రాతలో పడలేదు. ఎవరికీ అక్కర్లేనివాటిని ఏరి మెమరీలోంచి ఊడ్చేసేవాడొకడు జావాలో ఉంటాడు, గార్బేజ్ కలెక్టరంటారు. వాడు ఊడ్చినప్పుడల్లా గ్రాఫులో గీత కిందికి దిగుతుంది. ఆ గీత దిగినప్పుడల్లా నేను కాఫీ తాగుతూ మురిసిపోయాను. నువ్వు ఏం రాశావు? తిట్టావా? బతిమాలావా? నన్ను ఏమని పిలిచావు? గోడకి అటుపక్క నువ్వు మాట్లాడుతుంటే ఇటుపక్క నేను, పలకడం లేదని ఏడ్చాను. ఆ మాటల్లో ఒక్కటి వినిపిస్తే చాలు, ఈ ఉద్యోగం వదిలేయమన్నా వదిలేస్తాను.

ఇప్పుడు దాన్ని కాన్వర్సేషన్ స్కోపులోకి మార్చాను. రాయడం మొదలుపెట్టినప్పుడు పుట్టి, పంపడం అయ్యేదాకా ఉంటుంది. మధ్యలో వదిలేసి పోయినవాళ్ళది కాసేపటికి దానంతటదే పోతుంది, మెమరీ నిండదు. మొదటే చేయాల్సిన పని. వంటవాడి తల్లికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మేనేజరుకీ చెప్పాను, అతను తల పట్టుకున్నాడు. మిగతా ఓడలన్నిటికీ కబురు వెళ్ళింది. నీ ఓడకే వెళ్ళలేదు. హెల్ప్‌డెస్కు ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధం నీ విషయంలో ఇప్పుడు నిజమై కూర్చుంది. నీ ఓడ నెట్టు పూర్తిగా పోయిందట, రేవు చేరాకగాని బాగుచేయరట. పొడిగింపు కాగితం మీద సంతకాలూ ఆ రేవులోనే కదా. అందుకే ఈ ఉత్తరం.

మొదటి మాట నువ్వే రాయాలన్న పంతం నాది. అది పోయింది. మొదటి మాట నేనే రాస్తున్నాను: సంతకం పెట్టకు. వచ్చెయ్.

నీ, నీ,
గడుగ్గాయి

*

గడుగ్గాయికి,

ఏజెంటు రెండు ఉత్తరాలూ ఒకేసారి చేతిలో పెట్టాడు. తేదీలు చూసి ముందుది ముందు చదివాను. దాంతో రెండోది విప్పబుద్ధి కాలేదు, ఇంకో నాలుగు తిట్లుంటాయనుకున్నాను. జేబులో కుక్కుకుని, సంతకం పెట్టేద్దామని కెప్టెన్ గదికి వెళ్ళాను. ఆయన ఒడ్డు మీదికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఎంతకీ రాడు. ఏం తోచక రెండోది విప్పాను.

ముందు నవ్వొచ్చింది. తర్వాత మొదటి నుంచి మళ్ళీ చదివాను.

నువ్వు ఏడుస్తున్న ఆ మొదటి సందేశంలో ఏముందో చెబుతాను, విను. "పొడిగిస్తున్నాను. నీ దారి నువ్వు చూసుకో" అని రాశాను. ఎక్కిన కొత్తలో కొన్ని వారాలు పంతం కొద్దీ సైటు తెరవనే లేదు, తెరిచిన రోజు రాసింది అదీ. రేవులో నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా పోయావన్న ఉక్రోషం. చేరింది అని చూపించగానే వెనక్కి తీసుకునే దారుందా అని పేజీ అంతా వెతికాను. మర్నాడు కాస్త మెత్తబడి రాశాను. నీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. చదివి నొచ్చుకుని ఊరుకున్నావనుకున్నాను. ఆ మర్నాడు ఇంకాస్త తగ్గాను. రోజూ రాయడం, రోజూ నీ మౌనం. రాసి రాసి నా దగ్గర తిట్లు అయిపోయాయి, సాకులు అయిపోయాయి. చివరికి నువ్వు లేకుండా ఉండలేకపోతున్నానన్నదొక్కటే మిగిలింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా నోటి నుంచి రాని మాట అది. మొదటి రోజే నువ్వు జవాబిచ్చి ఉంటే అక్కడిదాకా వచ్చేవాణ్ణే కాదు.

కాబట్టి నువ్వు వాటి కోసం వెతకకు, ఉద్యోగం వదలకు. మొదటిది నీకు అందనందుకు మీ చెత్త ఊడ్చేవాడికి నా తరఫున దండం పెట్టు. ఇల్లు ఖాళీ చేయకు. కెప్టెన్ వచ్చాక దిగిపోతున్నానని చెప్పేశాను. ఇంకో ఇంజనీరు ఎక్కగానే బయల్దేరతాను.

ఈ ఉత్తరం నాకన్నా ముందొస్తే చదువుకో. నేనే ముందొస్తే దీన్ని విప్పకు. ఇందులో ఉన్నదంతా నీ ఎదురుగా నిలబడి చెప్పాలని ఉంది.

నీ
మొండిఘటం