ఏడు పిన్నీసులు

చిరంజీవి లక్ష్మీదుర్గకి మీ అమ్మ దీవించి రాసేది. ఢిల్లీ క్షేమంగా చేరాను, ఇక్కడి ఎగ్జిబిషన్‌లో మన ఎండుచేపల స్టాలు రేపు తెరుస్తారు.

గన్నవరం ఎయిర్‌పోర్టులో ఇనుము తగిలితే మిషను అరుస్తుందట. నా ముందున్న కోటు వేసుకున్నాయనకి మూడుసార్లు అరిచింది. నేను పుస్తెలతాడుకున్న ఏడు పిన్నీసులూ ఎవరూ అడక్కముందే తీసి ట్రేలో పెట్టాను. చప్పుడే లేదు! "తరచూ వెళ్తుంటారాండీ?" అంది పోలీసమ్మాయి. ఇదే మొదటిసారని చెప్పడానికి నోరు రాలేదు. "ఆఁ, వెళ్తుంటానమ్మా" అన్నాను. తిరిగొచ్చేటప్పటికి ఆ మాట సగం నిజమవుతుందిలే.

మబ్బు పడితే ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మీద పట్టా కప్పు. మంగినపూడి అత్తకి మోకాలు నొప్పి తగ్గిందా?

"నిన్ను మిషను దగ్గరే ఆపేస్తారే" అని నవ్విన మీ నాన్నకి ఈ కార్డు గట్టిగా చదివి వినిపించు. రెండుసార్లు.

మీ అమ్మ,
సత్యవతమ్మ