ఉసిరికాయ ఊరగాయ, మూడు చిల్లుల డబ్బా

ఉదయగిరి,
సోమవారం

ఆత్మకూరు అనురాధ వదిన గారికి, కాబోయే వియ్యపురాలు శీనమ్మ నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. పెళ్లి వచ్చే నెలలోనే కదా, మీ లిఖితకు మా ఇంటి రుచి ఇప్పటి నుంచే అలవాటు కావాలని ఉసిరికాయ ఊరగాయ బస్సులో పంపుతున్నాను. ఫోన్ చేద్దామంటే నా ఫోన్ స్పీకర్‌లోనే మాట్లాడుతుంది. పెళ్లి మాటలు మనకంటే ముందు వీధి వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
శీనమ్మ

తా.క. డబ్బా మాత్రం తిరిగి పంపండి. మావాడు మల్లికార్జున పదో తరగతి పాసైనప్పుడు కొన్న ఐస్‌క్రీం డబ్బా అది. ఐస్‌క్రీం ఒక్క పూట నిలవలేదు, డబ్బా ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆత్మకూరు,
గురువారం

శీనమ్మ వదిన గారికి, అనురాధ నమస్కరించి రాయునది.

ఊరగాయ అమృతం! మా ఆయన మూడో ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకున్నారు, అయినా ఆపలేదు. ఒక్క మాట, తప్పుగా అనుకోకండి. ఉప్పు, పులుపు, నూనె ఉన్నవి ప్లాస్టిక్‌లో నెలల తరబడి పెడితే మంచిది కాదట. గాజుకు వాసన పట్టదు, మరక పట్టదు, లోపల ఎంత మిగిలిందో బయటికే కనబడుతుంది. అందుకే మీ ఊరగాయను గాజు సీసాలోకి మార్చేశాను. మీరూ మారుస్తారని ఇంకో సీసా పంపుతున్నాను. ఖాళీగా పంపకూడదు కదా, రవ్వలడ్లు పెట్టాను.

ఉంటాను,
అనురాధ

తా.క. మీ డబ్బాకు పట్టిన ఎరుపు ఎంత తోమినా పోలేదు. పారేయడానికి మనసొప్పక పుదీనా నాటాను. నీళ్లు పోవడానికి అడుగున మూడు చిల్లులు పొడిచాను. చక్కగా చిగురు వేస్తోంది.

ఉదయగిరి,
శనివారం

అనురాధ వదిన గారికి, శీనమ్మ రాయునది.

చిల్లులా వదినా? పొడవడానికి చేతులెలా వచ్చాయి?

ఇక మీ సీసా సంగతి. మా ఆయన దాన్ని బస్టాండు నుంచి పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి, సరిగ్గా గడప మీద జారవిడిచారు. పైగా "ఏందే ఇది, పెళ్లింట్లో గాజు పగిలినాది!" అని నా మీదే అరిచారు. గాజు ముక్క ఏదో, జీడిపప్పు ఏదో తెలియక లడ్లన్నీ పారబోశాం. మా డబ్బా ఎన్నిసార్లు కింద పడిందో! ఒక్కసారైనా పగిలిందా? లోపల ఎంత ఉందో కనబడుతుందంటారా, మా ఇంట్లో కనబడితే మిగలదు.

సీసాకు మూత ఒక్కటే మిగిలింది. ఒకరి వస్తువు మనం ఉంచుకోకూడదు, ఖాళీగానూ పంపకూడదు. అందుకే మూతలో పసుపు కుంకుమ పెట్టి పంపుతున్నాను.

ఇట్లు,
శీనమ్మ

తా.క. పుదీనాను వేరే దాంట్లోకి మార్చి డబ్బా పంపండి. చిల్లులు నేనే మైనంతో పూడ్చుకుంటాను.

ఆత్మకూరు,
సోమవారం

గౌరవనీయులైన శీనమ్మ గారికి,

మూత అందింది. ఎవరి వస్తువు వాళ్లకు తిప్పి పంపి, పసుపు కుంకుమతో సాగనంపితే అర్థం కానంత అమాయకులం కాము. గాజు పగిలిందని సంబంధం వద్దనుకున్నారు. ఆ మాట నేరుగా చెప్పి ఉంటే బాగుండేది. నిన్నటి నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. లిఖిత గది తలుపు వేసుకుంది. మీ డబ్బా పంపుతున్నాను. నిశ్చితార్థం చీర గురువారం బస్సులో వస్తుంది.

ఇంతే సంగతులు,
అనురాధ

తా.క. పుదీనాను పీకడానికి చేతులు రాలేదు. రోజూ నీళ్లు పోయండి. మన గొడవలు దానికేం తెలుసు, పాపం.

ఉదయగిరి,
మంగళవారం

మా అనురాధ వదినకు, శీనమ్మ ఏడుస్తూ, మధ్యమధ్యలో తిడుతూ రాయునది.

సంబంధం వద్దని నేనెప్పుడన్నాను వదినా? మీ ఉత్తరం చదివి, ఊరగాయ పంపి పిల్లల పెళ్లి చెడగొట్టుకున్నానే అని నెత్తి కొట్టుకుంటుంటే, మావాడు పక్కన చేరి నవ్వుతున్నాడు. ఏందిరా అని గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టాడు.

"నాకసలు ఊరగాయే పడదు మా. నువ్వేసిన ముక్కలన్నీ ఇన్నేళ్లూ గోడవతల పారేసినాను. ఆ పిల్ల కూడా తినదంట. నిశ్చితార్థం నాడే చెప్పుకున్నాం. అందుకే ఇద్దరికీ కుదిరినాది."

విన్నారా వదినా! నా కడుపున పుట్టి ఊరగాయ తినడట! మీ పెంపకమూ అంతే అని తెలిశాక కాస్త ఊరట కలిగింది. తర్వాత బాగా ఆలోచించాను. ఇలాంటి వాళ్లను ఒక్కొక్కరిని ఒక్కో ఇంటికి అంటగడితే పాపం రెండు ఇళ్లు పాడవుతాయి. కాబట్టి ఈ పెళ్లి జరిగి తీరాల్సిందే. చీర పంపకండి.

ఎప్పటికీ మీ వదిన,
శీనమ్మ

తా.క. ఉత్తరం పొద్దుటి బస్సులో వస్తుంది, నేను దాని వెనక బస్సులో వస్తాను. మా అత్తగారి పింగాణీ జాడీ నిండా ఊరగాయ నా ఒళ్లో ఉంటుంది. మనిద్దరికీ వేడన్నం వండి ఉంచండి. మావాడూ వస్తానంటున్నాడు. వాడికి ఉత్త పెరుగన్నం చాలు.