బాగానే ఉన్నానంటే నమ్మొద్దు

నరేశన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. క్వారంటైన్‌లో హాస్టల్ గది తలుపేసుకుని, అడిగినవాళ్లందరికీ "బాగానే ఉన్నా" అని మెసేజ్ పెట్టావు. మేము దండం బొమ్మలు పంపి ఊరుకున్నాం. ఇంట్లోవాళ్లు కంగారుపడతారని మనందరం నేర్చుకున్న అబద్ధం అది. దాని మీద నాకు ఇంకా మంటే.

ఈమధ్య ఇక్కడ జర్మనీలో, డ్రెస్డెన్‌లో, కరోనా వచ్చినవాళ్లను కనిపెట్టుకోవడానికి మన తెలుగువాళ్లకు వాలంటీర్ శిక్షణ పెట్టారు. గోడౌన్‌లో డ్యూటీ దిగి అటే వెళ్లాను. ఎప్పటినుంచో ఇక్కడే ఉంటున్న ఒక డాక్టరమ్మ రోగిలా నటిస్తూ, తలుపు వెనక నుంచి "బాగానే ఉన్నా, మీరెళ్లండి నాన్నా" అంది. మా జట్టంతా సరేనని వెనుదిరిగాం.

"ఏడ్చినట్టుంది. మీ పేషెంట్ పోయింది," అందామె.

నాకు ఒళ్లు మండింది. "మరేం అడగాలి మేడమ్?" అని అరిచాను.

"పప్పెలా వండుతావో చెప్పమను. ఆయాసముంటే అక్కడే బయటపడుతుంది."

మొన్న స్వాతి అనే కొత్త స్టూడెంట్‌కి కరోనా వచ్చిందంటే సరుకులు తీసుకెళ్లి, తలుపు బయటే నిలబడి అదే అడిగాను.

"పప్పేంది అన్నా, పిచ్చా? నేను మంచిగనే ఉన్న, పో."

"చెప్పేదాకా పోను."

కందిపప్పు కడగాలంది, ఆగింది. నీళ్లు పోయాలంది, మళ్లీ ఆగింది. పోపుదాకా రాలేకపోయింది. వెంటనే అంబులెన్స్‌ని పిలిచాను.

ఇవాళ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "నీ అసుంటి మొండోణ్ని యాడా చూడలే అన్నా" అని ఒక్క గుక్కలో తిట్టింది. నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కోపం ఆగలేదు. నీ గది ముందు కూడా ఎవడో ఒకడు అట్లా కదలకుండా నిలబడాల్సింది కదన్నా.