గాజు దాటని కెమెరా

మార్చి 3
పెద్దమ్మ కూతురు లక్ష్మక్క. రొమ్ములో గడ్డ తగులుతోందని చెప్పి నెల దాటింది. స్కానింగ్‌కు తుమకూరు పోదామంటే ఈరోజు నవ్వింది.
"అయిపాయలే అమ్మీ. కెమెరాలో చూసుకున్నా. ఏమీ లేదు."
తిరుమణి సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడుగుతుంది. వేడెక్కిన ప్యానెళ్లను ఎర్ర మచ్చగా చూపించే కెమెరా అది. టెక్నీషియన్ రాఘవను అడిగి తెచ్చారట. గోదాములో తోటి కూలి సరోజ పట్టి చూసింది. ఒళ్లంతా పసుపు, ఎర్ర మచ్చ లేదు... కాబట్టి గడ్డ లేదు!

మార్చి 4
స్కానింగ్ డాక్టరుతో ఫోన్. ఆ కెమెరా పట్టేది ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనబడని కిరణాలు. అవన్నీ ఒకటి కాదు. ఎరుపు పక్కనే ఉండే కిరణాలు కండలోకి కొన్ని సెంటీమీటర్లు దిగుతాయి — దారిలో చెదిరిపోతాయి, లోతుకు పోయేకొద్దీ బొమ్మ మసక. ఆ వెలుగు మనం పంపాలి. ప్లాంటు కెమెరా ఏదీ పంపదు. ఒంటి వేడిని చూస్తుంది, అదీ చర్మం పైపొరది. ఆ వేడి కిరణాలు కండలో మిల్లీమీటరు కూడా దాటవు.
"గడ్డ అంటే క్యాన్సరే అని కాదు. కానీ తీసుకురండి."
మా పేపరుకు ఇది వార్తే. ముందు అక్క.

మార్చి 5
అక్కకు చెప్పాను. "పేపర్లో రాసేటోళ్లకి అంతా అనుమానమే."

మార్చి 6
మధ్యాహ్నం, ప్లాంటు గేటు దగ్గర. సరోజ జీపులో. రాఘవ దగ్గర కెమెరా తీసుకుని అక్క చేతికిచ్చాను. తెరపై సరోజ ముఖం, పసుపు. జీపు అద్దం ఎత్తించాను. ముఖం లేదు.
అక్క కెమెరా దించి చూసింది — అద్దం వెనక సరోజ పళ్లికిలిస్తోంది. మళ్లీ తెర... లేదు.
"ఏమప్పా రాఘవా, గాజే దాటలేంది నా ఒంట్లోకి యాడ పోతాది?"
"లోపలికి చూస్తాదని నేను చెప్పినానా అక్కా? ఇమ్మన్నారు, ఇచ్చినా."
సరోజ అద్దం దించింది. "ఏంది, నేను చచ్చినట్ల చూస్తాండారు?"
అక్క నవ్వలేదు. "రేపు బస్సు ఎన్నింటికి?"

మార్చి 7
అల్ట్రాసౌండ్ అయింది. గడ్డ ఉంది, లోతుగా. సూదితో ముక్క తీశారు. ఫలితం వచ్చే వారం. అంతకు మించి డాక్టర్ చెప్పలేదు, నేనూ రాయను.
తిరుగు బస్సులో అక్క ఉన్నట్టుండి — "సరోజకి ఫోన్ చెయ్యి."
ఎందుకని అడిగాను.
"ఆ పొద్దు నేనొక్కదాన్నే చూపించుకున్నా అనుకుంటివా? గోదాములో అందరం వరసగా నిలబడినాం. సరోజకి చంకలో ఏదో తగుల్తా ఉండాది. ఏమీ లేదులే అని నేనే చెప్పినా."
ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు.